లేటరల్ అంటే దేనికి పక్క?

‘మాటా వాడుకా’ శీర్షికకు ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ‘లేటరల్’ చుట్టూ, దాని చుట్టాల చుట్టూ తిరిగాయి. డ్రిప్పు కొటేషన్‌లో అదే మాట, స్కాన్ రిపోర్టులో అదే మాట, ఈసెట్‌లోనూ బ్యాంకు లోనులోనూ అదే. అందుకని ఈ సంచికలో పేజీలన్నీ దానికే ఇచ్చాం. సేద్యం, వైద్యం, బ్యాంకింగ్ ప్రశ్నలకు ఆయా పనులు తెలిసినవాళ్ల చేతే జవాబులు రాయించాం.

ప్రశ్న: లేటరల్, ట్రాన్స్‌లేట్, లాటిట్యూడ్, లేటర్... అన్నిట్లోనూ ‘లేట్’ వినిపిస్తోంది. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా? క్లాసులో పిల్లలకు ఎలా చెప్పాలి? (ఇంగ్లిషు టీచరు, హనుమకొండ)

ఒకే మూలం కాదు. లాటిన్‌లో హ్రస్వంతో పలికే ‘లతుస్’ అంటే పక్క. దాని షష్ఠీ రూపం ‘లతెరిస్’. లేటరల్‌లోని రకారం అక్కడిదే. దీర్ఘంతో పలికే ‘లాతుస్’లు మళ్లీ రెండు. ఒకదానికి వెడల్పు అని అర్థం, లాటిట్యూడ్, డైలేట్ దాని సంతానం. రెండోదానికి తీసుకుపోయిన, మోసుకుపోయిన అని అర్థం, ట్రాన్స్‌లేట్, రిలేట్ దాన్నుంచి వచ్చాయి. ఇక లేటర్, లాటర్ అనేవి లాటిన్ మాటలే కావు. ఆలస్యం అనే అర్థంలోని పాత ఇంగ్లిషు మాటకు పుట్టినవి.

పిల్లలకు ఒక గుర్తు చాలు. మాట చివర ‘లేటరల్’ మొత్తంగా కనిపిస్తే అది పక్కకు సంబంధించినదే. యూనిలేటరల్, బైలేటరల్, ట్రైలేటరల్, మల్టీలేటరల్, క్వాడ్రిలేటరల్, ఈక్విలేటరల్, కొలేటరల్ అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ముందున్న ముక్క ఎన్ని పక్కలో, ఎలాంటి పక్కలో చెబుతుంది. కొలేటరల్‌లో ‘కొ’ అంటే తోడుగా, వెంట అని.

అర్థం బోధపడాలంటే మాత్రం ఇంకో ప్రశ్న వేయించాలి: దేనికి పక్క? పొలంలో అయితే సబ్‌మెయిన్ పైపుకు పక్క, శరీరంలో అయితే నడిమి గీతకు పక్క, బ్యాంకులో అయితే అసలు హామీకి పక్క. ఆ ‘దేనికి’ అన్నది తేల్చుకోకుండా డిక్షనరీ చూస్తే ‘పార్శ్వ’ అని ఒక్క మాట కనిపిస్తుంది, దాంతో ఏ పనీ జరగదు.

ఇంటర్ లెక్కల్లో పరావలయం దగ్గర వచ్చే ‘లేటస్ రెక్టమ్’ కూడా ఈ కుటుంబమే. లాటిన్‌లో దాని అర్థం ‘నిటారు భుజం’. మన పుస్తకాల్లో దాన్ని నాభిలంబం అన్నారు. నాభి గుండా, అక్షానికి లంబంగా పోయే జ్యా కాబట్టి ఈ విషయంలో తెలుగు మాటే ఎక్కువ చెబుతోంది.

ప్రశ్న: ఎకరం టమాటాకు డ్రిప్పు వేయించుకుందామంటే డీలరు ఇచ్చిన కొటేషన్‌లో ‘16 ఎంఎం లేటరల్ 2,700 మీటర్లు’ అని ఉంది. ఎకరానికి అంత పైపు ఎందుకు? పక్క రైతు పొలంలో వరస చివర మొక్కలకు నీళ్లు సరిగా అందడం లేదు. అది లేటరల్ తప్పేనా? (రైతు, మదనపల్లె)

బోరు నుంచి వచ్చేది మెయిన్. దాన్నుంచి వాల్వు దాటాక మడి తలకట్టున పూడ్చే పీవీసీ పైపు సబ్‌మెయిన్. దానికి పక్కగా చీలి, మొక్కల వరస వెంట నేల మీద పరిచే నల్ల పైపు లేటరల్. సబ్‌మెయిన్‌కు రంధ్రం వేసి, గ్రోమెట్ అనే రబ్బరు ఉంగరం దూర్చి, దాంట్లో టేకాఫ్ అనే చిన్న గొట్టం బిగించి లేటరల్ తగిలిస్తారు.

మీ కొటేషన్ లెక్క సరైనదే. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. లేటరల్‌కూ లేటరల్‌కూ మధ్య 1.5 మీటర్ల ఎడం అనుకుంటే 4,047ను 1.5తో భాగించండి, సుమారు 2,700 మీటర్లు వస్తుంది. ఎడం 1.2 మీటర్లయితే 3,370 దాటుతుంది. కాబట్టి కొటేషన్ మీద సంతకం పెట్టేముందు మీ సాళ్ల ఎడం ఎంతో డీలరుకు మీరే చెప్పాలి. జంట సాళ్ల పద్ధతిలో నాటితే రెండు సాళ్లకు ఒక లేటరల్ సరిపోతుంది.

తర్వాత నీళ్ల లెక్క. దీన్ని చాలామంది వదిలేస్తారు, గొడవంతా ఇక్కడే వస్తుంది. డ్రిప్పర్లు (లేటరల్‌లో నీళ్లు బొట్టుబొట్టుగా వదిలే మూతులు) 40 సెంటీమీటర్లకొకటి ఉంటే 2,700 మీటర్ల పైపులో 6,750 డ్రిప్పర్లు. ఒక్కొక్కటి గంటకు 2 లీటర్లు వదిలితే మొత్తం గంటకు 13,500 లీటర్లు కావాలి. మీ బోరు ఎంత పోస్తుందో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూడండి. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు. అంటే ఒకేసారి అర ఎకరానికే (6,750 లీటర్లు) చాలుతుంది. రెండు వాల్వులు పెట్టించి సగం సగం పారించాలి. అన్నీ ఒకేసారి తెరిస్తే పైపుల్లో ఒత్తిడి నిలవదు, ముందు మొక్కలు తాగుతాయి, చివరివి ఎండుతాయి.

పక్క పొలంలో జబ్బు ఏదో కనిపెట్టడానికి ఖర్చేమీ లేదు. ఒకే లేటరల్‌లో మొదటి డ్రిప్పరు కింద ఒక గిన్నె, చివరి డ్రిప్పరు కింద ఒక గిన్నె పెట్టి ఆరు నిమిషాలు పట్టండి. 2 లీటర్ల డ్రిప్పరైతే 200 మిల్లీలీటర్లు రావాలి. చివరిది 180 కన్నా తగ్గితే ఏదో తేడా ఉన్నట్టు. వరసంతా క్రమంగా తగ్గుతూ పోతే లేటరల్ మరీ పొడవైంది, లేదా ఎగువకు పరిచారు. మధ్యలో ఒకటి బాగా పడి, పక్కది పడకపోతే పూడిక. అన్ని లేటరళ్లలోనూ మొదటి నుంచే తక్కువ వస్తుంటే ఫిల్టరు మూసుకుపోయింది, లేదంటే పైన చెప్పినట్టు ఒకేసారి ఎక్కువ మడి తెరిచారు.

పొడవు ఎంతదాకా పోవచ్చో డ్రిప్పరు రకాన్ని బట్టి కంపెనీ పట్టికలో ఉంటుంది. మొదటికీ చివరికీ నీటి తేడా పది శాతం మించకుండా చూసి ఆ పట్టిక వేస్తారు. వాలు నేలలో సబ్‌మెయిన్‌ను వాలు వెంట దింపి, లేటరళ్లను వాలుకు అడ్డంగా, సమతలంగా పరచాలి. దీన్ని తిరగేసి వేసిన పొలాలు తరచూ కనిపిస్తాయి, ట్రెంచి తవ్వకం తక్కువ పడుతుందని.

పూడికకు మందు: ముందు చివర ఎండ్ క్యాపులు తీసి, ఒకసారికి నాలుగైదు లేటరళ్ల చొప్పున, నీళ్లు తేటపడేదాకా వదలండి. అన్నీ ఒకేసారి తీస్తే నీళ్లలో ఊపు ఉండదు, మట్టి కదలదు. డ్రిప్పరు మూతి దగ్గర తెల్లటి పొర కడితే అది సున్నపు ఉప్పు, యాసిడ్ ట్రీట్‌మెంట్ చేయాలి. జారుడుగా నాచు ఉంటే క్లోరిన్. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో పోయకూడదు. యాసిడ్, క్లోరిన్ రెండూ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. లేటరళ్లు బిర్రుగా లాగి కట్టకుండా కొంచెం వదులుగా ఉంచండి. ఎండకు సాగి, రాత్రికి ముడుచుకునేటప్పుడు టేకాఫ్‌లు ఊడిపోయేది ఆ బిర్రు వల్లనే.

ప్రశ్న: మా అమ్మగారి మోకాలి ఎంఆర్ఐ రిపోర్టులో ‘లేటరల్ మెనిస్కస్ నార్మల్, మీడియల్ మెనిస్కస్ టేర్’ అని రాశారు. ఎక్స్‌రే మీద ‘ఏపీ, లేటరల్’ అని ఉంది. ప్రిస్క్రిప్షన్‌లో ‘బి/ఎల్’ అని రాసేశారు. ఇవన్నీ ఒకే లేటరలా? పైగా ఎక్స్‌రేలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తున్నాయి. (పాఠకురాలు, కాకినాడ)

మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది ఆ మాట.

ఎంఆర్ఐలో అది స్థానం. ముక్కు, బొడ్డు మీదుగా శరీరాన్ని నిలువునా రెండుగా చీల్చే గీత ఉందనుకోండి. ఆ గీతకు దగ్గరి వైపు మీడియల్, దూరపు వైపు లేటరల్. మోకాలికి రెండో మోకాలివైపు ఉన్నది లోపలి పక్క, అంటే మీడియల్. బయటి పక్క లేటరల్. అమ్మగారికి లోపలి పక్క ఉన్న మెత్తటి పట్టీ చిరిగిందని, బయటిది బాగుందని రిపోర్టు చెబుతోంది. నొప్పి లోపలివైపే ఎక్కువగా ఉందేమో డాక్టరు గారికి వేలు పెట్టి చూపించండి. రిపోర్టూ నొప్పీ ఒకే చోట కలవకపోతే వాళ్లు మళ్లీ ఆలోచిస్తారు.

చేతి దగ్గర చాలామంది పొరబడతారు. చేతులు వేలాడేసి నిలబడితే చిటికెన వేలు వెనక్కో బయటికో ఉన్నట్టనిపిస్తుంది కానీ వైద్యంలో కొలమానం వేరు. అరచేతులు ముందుకు చూసేలా నిలబెట్టి కొలుస్తారు. అప్పుడు బొటనవేలు లేటరల్, చిటికెన వేలు మీడియల్. మోచేతికి ‘లేటరల్ ఎపికొండిలైటిస్’ అని రాస్తే (టెన్నిస్ ఎల్బో అనేది ఇదే) బొటనవేలి వైపు మోచేతి ఎముక దగ్గర నొప్పి అని.

ఎక్స్‌రేలో అది చూపు. ‘ఏపీ’ అంటే కిరణాలు ముందు నుంచి వెనక్కి పోయాయి, ‘పీఏ’ అంటే వెనక నుంచి ముందుకు, ‘లేటరల్’ అంటే పక్క నుంచి. విరిగిన ఎముక ముందు నుంచి చూస్తే సరిగ్గా కలిసినట్టు కనిపించి, పక్క నుంచి చూస్తే జరిగినట్టు కనిపించవచ్చు. అందుకే రెండు ఫిల్ములు తీస్తారు, డబ్బు కోసం కాదు. ఛాతీ ‘లెఫ్ట్ లేటరల్’ అంటే ఎడమ పక్క ఫిల్ముకు ఆనించి తీసిందని. గుండె ఎడమకు ఒరిగి ఉంటుంది కాబట్టి అలా తీస్తే దాని నీడ మరీ పెద్దదిగా పడదు.

‘బి/ఎల్’ అంటే బైలేటరల్, రెండు వైపులా. ‘బి/ఎల్ నీ పెయిన్’ అంటే రెండు మోకాళ్లూ నొప్పి. ఒక్కవైపే అయితే యూనిలేటరల్. పక్షవాతం రిపోర్టుల్లో మరో జంట వస్తుంది: ‘ఇప్సిలేటరల్’ అంటే అదే వైపు, ‘కాంట్రాలేటరల్’ అంటే ఎదుటి వైపు. మెదడులో ఎడమ భాగం దెబ్బతింటే కాంట్రాలేటరల్‌గా కుడి చెయ్యి, కుడి కాలు పడిపోతాయి. రిపోర్టులో ‘లెఫ్ట్’ అనీ, పడిపోయింది కుడి చెయ్యి అనీ చూసి రిపోర్టు మారిపోయిందని గొడవపడే కుటుంబాలు ఉంటాయి. మారలేదు.

ఫిల్మును రోగి మనకు ఎదురుగా నిలబడ్డట్టు పట్టి చూడాలి. రోగి కుడివైపు మన ఎడమ చేతివైపు వస్తుంది. ఫిల్ము అంచున కుడి ఎడమల గుర్తుగా ఇంగ్లిషు ‘ఆర్’ గానీ ‘ఎల్’ గానీ ఉండాలి. లేకపోతే మళ్లీ అడగండి. ఆపరేషన్‌కు ముందు ఏ వైపో పెన్నుతో చర్మం మీద గుర్తు పెట్టించడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్జరీ చెక్‌లిస్టులోనే ఉంది. మత్తు ఇవ్వకముందే ఆ గుర్తు మీ కళ్లతో చూసుకోండి, అనుమానం అనుకోరు.

గర్భిణులకు రాసే ‘లెఫ్ట్ లేటరల్ పొజిషన్’ గురించి కూడా ఇద్దరు అడిగారు. ఎడమవైపు తిరిగి పడుకోమని అర్థం. నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకుంటే వెన్నెముకకు కుడివైపు పోయే పెద్ద సిర మీద గర్భాశయం బరువు పడుతుంది, రక్తం గుండెకు తిరిగి రావడం తగ్గుతుంది. 28 వారాల తర్వాత పక్కకు తిరిగి నిద్రకు ఉపక్రమించడం ముఖ్యం. రాత్రి మెలకువ వచ్చి కుడివైపుకు తిరిగి ఉన్నామని కంగారు పడనక్కర్లేదు.

ప్రశ్న: పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో బీటెక్ చేరాను. అమెరికా ఎంఎస్‌కు అప్లై చేస్తుంటే మొదటి ఏడాది మార్కులు అడుగుతున్నారు. ఏం పెట్టాలి? (విద్యార్థి, కరీంనగర్)

మీకు మొదటి ఏడాది లేదు. ఉన్నట్టు ఏదీ సృష్టించి నింపవద్దు. లేటరల్ ఎంట్రీ అంటే కింది మెట్టు నుంచి కాకుండా పక్క తలుపు గుండా నేరుగా రెండో ఏట అడుగు పెట్టడం. మీ ట్రాన్‌స్క్రిప్టులో ఆరు సెమిస్టర్లే ఉంటాయి, సీజీపీఏ కూడా వాటి మీదే లెక్కిస్తారు. అప్లికేషన్‌లో బీటెక్ ఆరు సెమిస్టర్ల మెమోలతో పాటు డిప్లొమా మూడేళ్ల మెమోలూ జత చేయండి. డిప్లొమాను విడి విద్యగా ఒక వరసలో, బీటెక్‌ను ఇంకో వరసలో, చేరిన సంవత్సరంతో సహా రాయండి. కాలేజీ నుంచి ‘డిప్లొమా ఆధారంగా రెండో సంవత్సరంలో ప్రవేశం’ అని లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ తీసుకుంటే సందేహాలు తగ్గుతాయి. పదో తరగతి తర్వాత చూస్తే ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు ఒక దారి. డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు ఇంకో దారి. రెండూ ఆరేళ్లే. ఈ ఒక్క వాక్యం స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఉంటే చాలు.

ఈసెట్ రాయబోయేవాళ్లకు: డిప్లొమా అభ్యర్థుల పేపరు 200 మార్కులు, మూడు గంటలు. లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మీ బ్రాంచి సబ్జెక్టు 100. చేరాక ఇబ్బంది పెట్టేది మొదటి ఏట మిగతావాళ్లు చదివేసిన ఇంజనీరింగ్ మ్యాథ్స్, ప్రోగ్రామింగ్. రెండో ఏట క్లాసులు అవి వచ్చనుకునే మొదలవుతాయి. సీటు వచ్చాక క్లాసులు మొదలయ్యేలోపు మేట్రిక్సులు, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, సీ లాంగ్వేజీ ముగించుకుంటే మూడో సెమిస్టర్‌లో బ్యాక్‌లాగులు పడవు.

పేపర్లలో వచ్చే యూపీఎస్సీ ‘లేటరల్ ఎంట్రీ’కి దీంతో సంబంధం లేదు. అది సివిల్స్ పరీక్ష రాయకుండా బయటి నిపుణులను జాయింట్ సెక్రటరీ, డైరెక్టర్, డిప్యూటీ సెక్రటరీ హోదాల్లోకి కాంట్రాక్టు మీద తీసుకోవడం. 2024 ఆగస్టులో 45 పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్ల మీద వివాదం రేగడంతో రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

ప్రశ్న: అబ్బాయి చదువు లోనుకు ‘కొలేటరల్’ ఉందా అని బ్యాంకులో అడిగారు. నాలుగెకరాల మాగాణి ఉందంటే పనికిరాదన్నారు. పొలం ఆస్తి కాదా? ‘నాన్ కొలేటరల్’ లోను అంటే తాకట్టు లేకుండా ఇస్తారా? (పాఠకుడు, తణుకు)

ఆస్తే. కానీ చదువు లోనుకు బ్యాంకులు పొలం ఒప్పుకోకపోవడానికి చట్టంలో కారణం ఉంది. బాకీ కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అమ్ముకోవడానికి తేలిక దారి లేని ఆస్తిని హామీగా పెట్టుకోవడం వాళ్లకు ఇష్టం ఉండదు. ఇల్లు, అనుమతి ఉన్న లేఅవుట్‌లో స్థలం, ఫ్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ సరెండర్ విలువ వంటివి అడుగుతారు.

కొలేటరల్ అంటే పక్క హామీ. లోను సొమ్ముతో కొన్న వస్తువే హామీ అయితే మన బ్యాంకుల భాషలో అది ప్రైమరీ సెక్యూరిటీ. ట్రాక్టరు లోనుకు ట్రాక్టరు, ఇంటి లోనుకు ఇల్లు. చదువుకు అలా చూపించగల వస్తువేదీ లేదు, కాబట్టి పక్కన ఇంకోటి పెట్టమంటారు. అమెరికాలో మాత్రం ఈ తేడా పాటించరు, హామీగా పెట్టింది ఏదైనా అక్కడ కొలేటరలే. అబ్బాయి అక్కడి కాగితాలు చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం చదువు లోను 7.5 లక్షల దాకా ఆస్తి హామీ అడగరు, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం చేయాలి. అంతకు మించితే ఆస్తి కావాలి. ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు ‘నాన్ కొలేటరల్’ అని పెద్ద మొత్తాలు ఇచ్చేది వేరే లెక్క: యూనివర్సిటీ పేరు, కోర్సు, సహ రుణగ్రహీత జీతం చూసి ఇస్తాయి, వడ్డీ ఎక్కువ వేస్తాయి. తాకట్టు లేదన్నంత మాత్రాన బాధ్యత లేదని కాదు. అబ్బాయి కట్టకపోతే సంతకం పెట్టిన తండ్రి మీదికే వస్తారు, సిబిల్ స్కోరు (అప్పులు ఎంత సరిగా కట్టారో చూపే అంకె) ఇద్దరిదీ పోతుంది.

ఇల్లు పెట్టదలిస్తే ముందుగా సిద్ధం చేసుకోవలసినవి: మీ పేరున రిజిస్టర్డ్ దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ప్లాను అప్రూవల్, ఇంటి పన్ను రసీదు. ఎక్కువ దరఖాస్తులు లింకు డాక్యుమెంట్ ఒకటి దొరకక ఆగుతాయి. పోయిందనుకుంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులంతా సంతకాలు చేయాలి, అన్నదమ్ముల పంపకం నోటిమాటగా జరిగి ఉంటే బ్యాంకు వకీలు ఒప్పుకోరు.

లోను తీరాక కాగితాల సంగతి. మొత్తం కట్టేసిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. బ్యాంకు తప్పిదంతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలి. మీ పొలం మీద పంట లోను సంగతికొస్తే, 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల రూపాయల దాకా కొలేటరల్ అడగకూడదు.

చట్టం పుస్తకాల్లో ‘కొలేటరల్’కు ఇంకో అర్థం కూడా ఉంది: దాయాది. తండ్రి, కొడుకు, మనవడు నిలువు వరస. పెదనాన్న, బాబాయి సంతతి పక్క వరస. పాత కోర్టు తీర్పుల్లో ‘కొలేటరల్స్’ అని చూసి తాకట్టు అనుకోవద్దు.

ప్రశ్న: పేపర్లలో ద్వైపాక్షికం, బహుపాక్షికం, ఏకపక్షం అంటారు. ఏకపక్షం యూనిలేటరలేనా? (పాఠకుడు, నంద్యాల)

ఒక్కోసారి. ఎదుటి దేశాన్ని అడగకుండా సుంకం పెంచితే అది యూనిలేటరల్, తెలుగులో ఏకపక్ష నిర్ణయం. కానీ మనం ‘మ్యాచ్ ఏకపక్షంగా సాగింది’ అన్నప్పుడు అర్థం వన్‌సైడెడ్. ‘ఏకపక్షంగా రాశారు’ అంటే పక్షపాతం. ఒక మాట మీద మూడు బరువులు వేశాం. అనువదించేటప్పుడు మొదటి అర్థానికి ‘ఏకపక్షంగా’ ఉంచి, మిగతావాటికి వేరే మాట వాడితే మేలు. ద్వైపాక్షికం మాత్రం తేటగా ఉంది. 1972 సిమ్లా ఒప్పందంలో భారత్, పాకిస్తాన్ తమ తగాదాలను ద్వైపాక్షిక చర్చలతో పరిష్కరించుకోవాలని రాసుకున్నాయి, అంటే మూడో దేశం మధ్యలోకి రాకూడదని. క్రికెట్‌లోనూ అంతే. ఆ రెండు జట్ల మధ్య చివరి ద్వైపాక్షిక సిరీస్ 2012–13లో జరిగింది, ఆ తర్వాత ఆడినవన్నీ ప్రపంచకప్, ఆసియాకప్ లాంటి టోర్నీల్లోనే.

ప్రశ్న: ‘ల’ను భాషాశాస్త్రంలో లేటరల్ అంటారట. ఎందుకు? (తెలుగు ఎంఏ విద్యార్థిని, తిరుపతి)

‘ల్’ అని పలికి నాలుకను అక్కడే ఉంచి, నోటితో గాలి లోపలికి పీల్చి చూడండి. నాలుకకు రెండు పక్కలా చల్లగా తగులుతుంది. నాలుక కొన పై పళ్ల వెనక అడ్డం నిలిచింది, గాలి పక్కల నుంచి పోతోంది. అందుకే పార్శ్వికం. తెలుగుకు ఇలాంటివి రెండు, ల, ళ. రెండోదానికి నాలుక కొన వెనక్కి మడిగి అంగిలిని తాకుతుంది. కల–కళ, వేల–వేళ జంటలు ఆ తేడా మీదే నిలబడ్డాయి. తెలుగులో ళకారంతో మాట మొదలు కాదు. బహువచనంలో మాత్రం దాని రాజ్యమే: కాలు–కాళ్లు, కన్ను–కళ్లు, ఊరు–ఊళ్లు, ఇల్లు–ఇళ్లు. ఇలాంటి మాటల్లో ల, న, ర ఏదున్నా చివరికి ళ్లు అయిపోతోంది. ఈ పీల్చే పరీక్ష ‘ర’ పెట్టి చేస్తే పక్కల చల్లదనం రాదు, ‘ర’, ‘ల’ తడబడే పిల్లలకు నేర్పడానికి ఇది పనికొస్తుంది.

ప్రశ్న: పదో తరగతి లెక్కల్లో లేటరల్ సర్ఫేస్ ఏరియా, టోటల్ సర్ఫేస్ ఏరియా మావాడు కలిపేస్తున్నాడు. (తల్లి, నల్లగొండ)

గదికి రంగు వేయించే లెక్క చెప్పండి. 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు గదిలో నాలుగు గోడలే పక్కతల వైశాల్యం. పొడవు వెడల్పులు కలిపితే 22, దానికి రెట్టింపు 44, ఎత్తు 10తో గుణిస్తే 440 చదరపు అడుగులు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు తలుపు 21, నాలుగడుగుల చదరపు కిటికీ 16 తీసేస్తే 403. పైకప్పు 120, నేల 120 కలిపితేనే సంపూర్ణతలం. శంకువు దగ్గర పిల్లలు చేసే తప్పు వేరు: ఏటవాలు ఎత్తు వేయాల్సిన చోట నిలువు ఎత్తు వేస్తారు. వ్యాసార్ధం 3, ఎత్తు 4 అయితే ఏటవాలు 5. పక్కతలం 15π, 12π కాదు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో పాత ఇల్లు కొంటున్నాం. ఏజెంటు ‘సూయర్ లేటరల్ స్కోప్’ చేయించమంటున్నారు. ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా, మళ్లీ ఎందుకు? (పాఠకులు, ఓక్‌లాండ్)

చేయించండి. వీధి మధ్యలో ఊరి మురుగు మెయిన్ ఉంటుంది. మీ ఇంటి నుంచి దానికి పక్కగా వెళ్లి కలిసే పైపే లేటరల్. అక్కడి చాలా ఊళ్లలో ఆ పైపు బాధ్యత ఇంటివాళ్లదే, కొన్నిచోట్ల కాలిబాట కింద భాగం కూడా. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో భూమి కింద చూడరు, స్కోప్ అంటే క్లీనౌట్ (పైపు శుభ్రం చేయడానికి వదిలిన నోరు) మూత గుండా కెమెరా దించి మెయిన్ దాకా చూడడం. మీ ఓక్‌లాండ్ ప్రాంతంలో ఇల్లు చేతులు మారేటప్పుడు ఈ పైపు కారడం లేదని సర్టిఫికెట్ కావాలి. అది అమ్మేవాళ్లు తెస్తారో మీ మీద వేస్తారో ఒప్పందంలో ముందే రాయించుకోండి.

కెమెరా వీడియోలో చూడవలసినవి: మట్టి పైపుల అతుకుల్లోంచి దూరిన చెట్ల వేర్లు, పైపు కుంగి నీళ్లు నిలిచిన చోట్లు, పగుళ్లు. మామూలుగా ఇంటి లేటరల్ నాలుగంగుళాల పైపు, అడుగుకు పావంగుళం వాలు ఉండాలి. 50 అడుగుల దూరానికి పన్నెండున్నర అంగుళాలు దిగాలి. మధ్యలో ఎక్కడ వాలు పోయినా అక్కడ కొవ్వు పేరుకుంటుంది. 1940ల నుంచి 70ల దాకా కట్టిన ఇళ్లలో తారు పట్టించిన కాగితపు గుజ్జుతో చేసిన ‘ఆరెంజ్‌బర్గ్’ పైపులు దొరకవచ్చు. అవి నలిగి గుడ్డు ఆకారానికి వస్తాయి, బాగుచేయడం దండగ, మార్చడమే. తవ్వకుండా పాత పైపును లోపలి నుంచి పగలగొట్టి కొత్తది లాగే పద్ధతి ఉంది, తోట పాడవదు. సాధారణ ఇంటి బీమా వేర్లకు, పాతబడడానికి డబ్బు ఇవ్వదు, ‘సర్వీస్ లైన్’ అనే అదనపు కవరు విడిగా తీసుకోవాలి. చేరాక మూకుడులో మిగిలిన నూనె సింకులో పోయకండి. చల్లారాక డబ్బాలో పోసి చెత్తలో వేయండి.